నిండుసభలో అడిగిన ప్రశ్నలు
(ప్రాచీన కావ్యములలో స్త్రీహృదయము)

సాహిత్యమున స్త్రీ యనగానే మనలో పెక్కురకు మొదట జ్ఞప్తికి వచ్చునది కన్నీరు. అశోకవనమున సీత కన్నీరు, అడవిలో ఒంటరియైన దమయంతి కన్నీరు, శ్మశానమున బిడ్డను ఒడిలో నిడుకొన్న చంద్రమతి కన్నీరు. హరికథలలోను, వీథినాటకములలోను, ఇంట పెద్దలు చెప్పు కథలలోను ఈ కన్నీటికే పెద్దపీట వేయుదురు. ఓర్పు స్త్రీకి భూషణమని చిన్ననాటినుండి వినుచున్నాము. ఇది అసత్యము కాదు గాని సగము సత్యము. మన ప్రాచీన కవులు స్త్రీహృదయమున శోకమును ఎంత శ్రద్ధగా చూచిరో, క్రోధమును, అభిమానమును, ధైర్యమును, స్నేహమును గూడ అంత శ్రద్ధగా చూచిరి. ముఖ్యముగా, అన్యాయము జరిగినప్పుడు స్త్రీకి కలుగు కోపమును వారు దోషముగా చిత్రింపలేదు. న్యాయమునకు నోరుగా చిత్రించిరి. ఈ విషయమును కొన్ని యుదాహరణములతో వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కావ్యములలోని భావములను తెలిసికొనుటకు ముందు, భావములను గూర్చి మన పూర్వులు చేసిన విచారమును కొంత తెలిసికొనుట మంచిది. భరతముని నాట్యశాస్త్రమున మనస్సున స్థిరముగా నిలుచు భావములు ఎనిమిది యని చెప్పెను. అవి రతి, హాసము, శోకము, క్రోధము, ఉత్సాహము, భయము, జుగుప్స, విస్మయము. వీనికి స్థాయిభావములని పేరు. నీటిపై అలలవలె వచ్చి పోవు సంచారిభావములు 33. చెమట పట్టుట, గగుర్పాటు, కంఠము వణకుట మొదలైనవిగా శరీరమున తమంత తామే పొడచూపు సాత్త్వికభావములు 8. వెరసి 49. రసములు తొమ్మిదనుట, శాంతమును గూడ చేర్చుకొన్న తరువాత ఏర్పడిన లెక్క.

ఈ పేర్లను కంఠస్థము చేసినంత మాత్రమున ప్రయోజనము లేదు. ఒక చిన్న ఉదాహరణము చూడుడు. తరగతిలో ఒకరి కలము పోయినది. దానిని తీయని బాలికపై అందరియెదుట నింద వచ్చినది. నేను తీయలేదని ఆమె చెప్పినను ఎవరును నమ్మలేదు. ఇచ్చట ఆ నింద విభావము, అనగా భావమునకు కారణము. ముఖము ఎఱ్ఱబారుట, చూపు నిలిచిపోవుట అనుభావములు, అనగా బయటికి కనబడు గుర్తులు. లోపల ఒక క్షణము సిగ్గు, ఒక క్షణము దిగులు, మరుక్షణము తాను తప్పు చేయలేదను గర్వము వచ్చి పోవుచుండును, ఇవి సంచారులు. వీని యన్నిటికిని అడుగున కదలక నిలిచియున్నది క్రోధము, అదియే స్థాయి. ఆ కోపమునకు అసలు కారణమేమి? కలము కాదు. నింద గూడ పూర్తిగా కాదు. తాను పలికిన నిజమును ఎవరును నమ్మకపోవుట. పాఠకులు ఈ మాటను మనస్సున నుంచుకొన్నచో, ఇక చెప్పబోవు కథలు సులభముగా బోధపడును.

ఆలంకారికులు కావ్యనాయికలను గూడ ఎనిమిది విధములుగా విభజించిరి. వాసకసజ్జిక, విరహోత్కంఠిత, స్వాధీనపతిక, కలహాంతరిత, ఖండిత, విప్రలబ్ధ, ప్రోషితభర్తృక, అభిసారిక యని వారి పేర్లు. ఈ విభాగము ఎంతో సున్నితమైనదే. కాని ఎనిమిదింటికిని కొలబద్ద ఒక్కటే. ప్రియుడు దగ్గర నున్నాడా, దూరమున నున్నాడా, వచ్చునా, రాడా, వచ్చి మోసగించెనా యనునదే ఆ కొలబద్ద. అన్యాయమును నిలదీయు స్త్రీకి గాని, స్నేహితుని కోల్పోయి దుఃఖించు స్త్రీకి గాని ఇందు చోటు లేదు. ప్రేమను వర్ణించుటకు ఈ పట్టిక చాలును. స్త్రీహృదయమునంతటిని వర్ణించుటకు చాలదు. మహాకవులు దీనిని గుర్తించిరి. కనుకనే వారు శాస్త్రము గీసిన గీతలను దాటి నడచిరి.

మొదట శకుంతలను చూతము. శకుంతల కథ యనగానే ఉంగరము, దుర్వాసుని శాపము, చేప కడుపున ఉంగరము దొరకుట మనకు జ్ఞప్తికి వచ్చును. ఇవి కాళిదాస మహాకవి నాటకములోనివి. వ్యాసభారతమున ఉంగరము లేదు, శాపము లేదు. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై భారతమును తెలుగు చేయ నారంభించిన నన్నయభట్టారకుడును ఆదిపర్వమున వ్యాసుని కథనే చెప్పెను. ఈ కథలో దుష్యంతుడు ఏమియు మరువలేదు. అతనికి అంతయు తెలియును. తెలిసియు, కుమారుని వెంటబెట్టుకొని సభకు వచ్చిన భార్యను చూచి, నీ వెవరో నే నెరుగనని పలికెను.

అప్పుడు నన్నయ శకుంతల ఏమి చేసెను? మూర్ఛపోలేదు. నిందను మ్రింగుకొని వెనుదిరిగి పోలేదు. పొంగి వచ్చిన కోపమును అదిమిపట్టుకొని మాటలాడ నారంభించెను. నీవు చేసిన పనికి మనుష్యులు సాక్షులు లేకున్నను సూర్యచంద్రులు, గాలి, నేల, నీ యంతరాత్మ సాక్షులు కారా యని అడిగెను. భార్య యననేమో, బిడ్డ యననేమో, మాట యిచ్చుట యననేమో ఒక్కొక్కటిగా విడమరిచి చెప్పెను. చివరకు పుణ్యకార్యముల నన్నిటిని ఒకదానిమీద నొకటి పేర్చి, వాని యన్నిటికంటెను పైమెట్టున సత్యమును నిలిపెను. ఇది ఏడుపు కాదు, వాదము. ఆమె కోపము ఆమె తెలివిని చెదరగొట్టలేదు, పదునుపెట్టినది. తరువాత ఆకాశవాణి ఆమె మాట నిజమని పలికెను. అప్పుడు దుష్యంతుడు తనకు అంతయు తెలిసియుండెననియు, లోకాపవాదమునకు వెరచితిననియు ఒప్పుకొనెను.

కాళిదాసు ఈ కథను మార్చినప్పుడు నాయకుని తప్పు శాపముపైకి పోయినది. రాజు నిర్దోషి యయ్యెను. ప్రేక్షకుల కోపము కరుణగా మారెను. అది నాటకమునకు గొప్ప సౌందర్యము నిచ్చినది. అయినను కాళిదాసు గూడ అయిదవ అంకమున శకుంతలచే రాజును అనార్యుడని పిలిపింపక మానలేదు. ఎంత మృదుస్వభావయైన స్త్రీకైనను అట్టి ఘడియలో కోపము రాకుండుట అసహజమని ఆ మహాకవికి తెలియును. విద్యార్థులు ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చదువుట మేలు. ఒకే స్త్రీని ఇద్దరు కవులు చూచిన తీరులోని భేదము అప్పుడు తెలియగలదు.

రెండవ సభ హస్తినాపురమునందలిది. ధర్మరాజు జూదమున రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఓడిపోయెను. ఆమెను తీసికొని రమ్మని దుర్యోధనుడు ప్రాతికామిని పంపెను. ఆ క్షణమున ద్రౌపదికి కలిగిన భయము, అవమానము ఎంతటివో ఊహింపవచ్చును. కాని ఆమె మొట్టమొదట అడిగినది ఒక ప్రశ్న. ధర్మరాజు ముందు తన్ను ఓడెనా, నన్ను ఓడెనా? తన్ను ముందుగా ఓడి దాసుడైనవానికి మరియొకరిని పణముగా నొడ్డు అధికార మెక్కడిది? ఈ ప్రశ్నకు భీష్ముడు, ధర్మము మిక్కిలి సూక్ష్మమైనదని చెప్పి ఊరకుండెను. ద్రోణుడు పలుకలేదు. కౌరవులలో చిన్నవాడైన వికర్ణు డొక్కడే లేచి ఆమె జయింపబడలేదని పలుకగా, కర్ణుడు అతనిని గద్దించెను.

ఇచ్చట ఒక సంగతిని గమనింపవలెను. ఆ నిండుసభలో, భార్యను పణముగా నొడ్డుటయే తప్పను మాట సూటిగా వాదమునకు రాలేదు. వాదమంతయు ముందా, వెనుకా యను దానిపైననే నడచినది. ద్రౌపది తనకు దొరకిన సన్నని త్రోవనే పట్టుకొని నడచెను. ఆ కాలపు ధర్మశాస్త్రము ఆమెకు ఇచ్చిన ఆయుధ మదియే. ధృతరాష్ట్రుడు వరము లిచ్చినప్పుడు ఆమె మొదటి వరమున ధర్మరాజునకు, రెండవ వరమున తక్కిన నలుగురు పాండవులకు దాస్యవిముక్తిని కోరెను. మూడవ వరము కోరుకొమ్మన్నను వలదనెను. మునిగిపోవు పాండవులకు ఆమె నావ యయ్యెనని కర్ణుడే పలికెను. కోపము వచ్చినప్పుడు ఎంత అడుగవలెనో తెలియుట ఒక నేర్పు. ఎచ్చట ఆగవలెనో తెలియుట అంతకంటె గొప్ప నేర్పు.

13వ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి కొలువున నుండిన తిక్కన సోమయాజి విరాటపర్వమున ఇదే ద్రౌపదిని మరియొక సభలో నిలిపెను. ఆమె యిప్పుడు సైరంధ్రి; పరుల యింట పరిచారిక. కీచకుడు విరాటుని సభలో అందరియెదుట ఆమెను కాలదన్నెను. భర్తలు ఇద్దరు అచ్చటనే యున్నారు గాని, అజ్ఞాతవాసము కనుక పెదవి విప్పరాదు. భీముడు ప్రక్కనున్న చెట్టువైపు చూచుటయు, కంకుభట్టు వేషమున నున్న ధర్మరాజు వంటచెరకునకు ఆ చెట్టు వలదని నర్మగర్భముగా వారించుటయు ప్రసిద్ధములు. సభలో నటివలె నిలిచి విలపింపవలదని ధర్మరాజు ఆమెను మందలింపగా, తన భర్తయే నటుడు కాబట్టి తనకా విద్య సహజమే యని ఆమె బదులు చెప్పెను. బయటివారికి అది ఒక పరిచారిక పెడసరపు మాట. ధర్మరాజునకు మాత్రము అది గుండెలో దిగిన ములుకు. రహస్యము బయటపడలేదు, చెప్పవలసిన మాట ఆగలేదు. అవమానము, రోషము, భర్తపై ప్రేమ, వ్రతభంగము కారాదను జాగ్రత్త, ఇన్నియు ఒక్క పలుకున ఇమిడినవి. ఆ రాత్రి ఆమె వంటశాలకు పోయి భీముని నిద్ర లేపెను. చందనము నూరి నూరి కాయలు కాచిన ఆమె చేతులను భీముడు తన ముఖమున కద్దుకొని కన్నీరు కార్చెనని వ్యాసుడు వ్రాసెను. కీచకుని మరణమునకు నాంది ఆ కన్నీరే.

మూడవ సభ తమిళసాహిత్యములోనిది. మన ప్రాంతపు తెలుగు విద్యార్థులకు ఇది తెలియనిది కాదు. తమిళ వాచకములలో చదువుచునే యున్నారు. ఇళంగో అడిగళ్ రచించిన సిలప్పదికారమున కణ్ణగి మొదట ఓర్పునకు మారుపేరు. భర్త కోవలన్ మాధవి యింట నుండి ధనమంతయు పోగొట్టుకొని తిరిగి వచ్చినప్పుడు ఆమె ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. కాలి అందెను అమ్ముకొమ్మని యిచ్చెను. అట్టి కణ్ణగియే, రాణి అందెను దొంగిలించెనను తప్పుడు నిందతో మదురలో భర్త చంపబడగానే, మిగిలిన అందె చేతబట్టుకొని పాండ్యరాజు సభకు నడచెను. ఆ ఘట్టమునకు కవి పెట్టిన పేరు వళక్కురై కాదై, అనగా వ్యాజ్యము చెప్పిన కథ. రాణి అందెలో నున్నవి ముత్యములు. కణ్ణగి తన యందెను పగులగొట్టగా మాణిక్యములు చిందినవి. పాండ్యుడు తాను రాజు కాననియు, తానే దొంగ ననియు పలికి సింహాసనముపైననే ప్రాణము విడిచెను. తరువాత ఆమె కోపము మదురను కాల్చినది. కాని అప్పుడును పసిపిల్లలను, వృద్ధులను, ధర్మపరులను, గోవులను కాల్చవలదని ఆమె అగ్నికి ఆనతిచ్చినట్లు కవి వ్రాసెను. అంతటి మహాక్రోధమునకును ఒక హద్దు గీయుట కవియొక్క ధర్మదృష్టి.

ఈ మూడు సభలను కలిపి చూచినచో ఒక విషయము స్పష్టమగును. ముగ్గురును నిజమే పలికిరి. ముగ్గురు పలికినదియు న్యాయశాస్త్రమునకు నిలుచునట్టి మాటయే. అయినను మాట ఒక్కటే చాలలేదు. శకుంతలకు ఆకాశవాణి కావలసివచ్చెను. ద్రౌపదికి ఎంత లాగినను తరుగని వలువలును, అపశకునములును కావలసివచ్చెను. కణ్ణగికి పగిలిన అందెలోని మాణిక్యములు కావలసివచ్చెను. అవి బయటపడునప్పటికి ఆమె భర్త బ్రదికి లేడు. స్త్రీ పలికిన నిజమునకు బయటినుండి మరియొక సాక్ష్యము వచ్చువరకు సభలు కదలలేదు. మన కవులు ఈ సంగతిని దాచలేదు. వారి కావ్యములలోని క్రోధమునకు అసలు విభావ మిదియే. కలము పోయిన తరగతిలోని బాలికను ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

ఓర్పునకు ఆదర్శమని మనము చెప్పుకొను సీతను గూడ ఈ వెలుగులో చూడవచ్చును. లంకలో ఆమె అగ్నిపరీక్షకు నిలిచెను. ఉత్తరకాండమున మరల అందరియెదుట తన పవిత్రతను నిరూపింపవలసివచ్చినప్పుడు భూదేవిని పిలిచి నేలలో ప్రవేశించెను. ఆమె ఎవరిని దూషింపలేదు. కాని మరల మరల సాక్ష్య మడుగు సభలో ఇక నిలువనను నిశ్చయము ఆ మౌనమున వినబడుచున్నది. ఓర్పునకును ఒక అంచు కలదు.

స్త్రీల కోపమంతయు ఇట్టి గంభీరమైనదే యని తలపరాదు. ఇంటి నాలుగు గోడల నడుమ పుట్టు అలుకను గూడ మన కవులు వదలలేదు. శ్రీకృష్ణదేవరాయల కొలువున నుండిన నంది తిమ్మన పారిజాతాపహరణమున, నారదుడు తెచ్చిన పువ్వును కృష్ణుడు రుక్మిణి కిచ్చెనని వినగానే సత్యభామ మండిపడి కోపగృహమున చేరుట తెలుగువారికి చిరపరిచితము. ఆ కోపమున అసూయ కలదు, అభిమానము కలదు, తనకు తక్కువ జరిగినదను బాధ కలదు. ఆమె ఏడ్చుచున్నప్పుడును పాఠకుని పెదవిపై చిరునవ్వు నిలుచును. అదే సత్యభామను, 15వ శతాబ్దపు పోతనామాత్యుడు భాగవతమున నరకాసురునిపై విల్లెక్కుపెట్టించి నిలిపెను. ఒకవైపు కృష్ణునిపై ప్రేమ, ఒకవైపు శత్రువుపై రోషము ఒక్క ముఖముననే ఏకకాలమున చూపుట ఆ ఘట్టముయొక్క గొప్పతనము. ఒకే మనిషిలో ఒకే సమయమున పరస్పర విరుద్ధములైన భావము లుండగలవని పోతన కెవరును బోధింపనక్కర లేకపోయెను.

ఇక నాలుగవ సభ. ఇది మన యూరిదే. నేటి ధర్మపురికి ప్రాచీననామము తగడూరు. సంగకాలమున దీనిని ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి కొలువున అవ్వైయార్ అను కవయిత్రి యుండెను. సంగసాహిత్యమున ఆమె పేర 59 పద్యము లున్నవి. అందు 33 పుఱనానూఱులోనివి. మన పిల్లలు తమిళమున వల్లించు ఆత్తిచూడిని రచించిన అవ్వైయార్ ఆమెకు పెక్కు శతాబ్దముల తరువాతి కవయిత్రి. దీర్ఘాయువు నిచ్చు అరుదైన ఉసిరికాయ దొరకగా అదియమాన్ దానిని తాను తినక అవ్వకు ఇచ్చెనను కథ ఈ ప్రాంతమున తెలియనివారు లేరు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. కంచిని ఏలిన తొండైమాన్‌తో యుద్ధము రానున్నప్పుడు అదియమాన్ ఆమెను దూతగా పంపెను. తొండైమాన్ తన ఆయుధశాలను గర్వముతో చూపగా, నీ యాయుధములు దండలు దాల్చి నిగనిగలాడుచున్నవి, మా రాజు ఆయుధములు మాత్రము మొనలు విరిగి కమ్మరి కొట్టమున పడియున్నవని పొగడ్తవలె వినబడు ఎత్తిపొడుపు పలికెను. వాడిన ఆయుధము లేవో, వాడని ఆయుధము లేవో రాజునకు అర్థము కాకపోదు.

అదియమాన్ యుద్ధమున మరణించినప్పుడు అవ్వ విలపించి పాడిన పద్యములును నిలిచియున్నవి. ఆమె అతనికి భార్య కాదు, ప్రియురాలు కాదు, స్నేహితురాలు. తమతో కలిసి తిని త్రాగిన మిత్రుడు పోయినాడను దుఃఖము, ఇక కవులకు దిక్కెవరను దిగులు ఆమె పద్యములలో కలవు. అష్టవిధనాయికల పట్టికలో ఈ స్త్రీకి ఏ పేరు పెట్టగలము? పట్టికలో పేరు లేనంత మాత్రమున ఆ భావము లోకమున లేకపోలేదు. పై మూడు సభలలోను స్త్రీ మాట నెగ్గుటకు వేరొక సాక్ష్యము కావలసివచ్చినది. తగడూరి కొలువున మాత్రము స్త్రీ మాటయే రాజ్యముయొక్క మాటగా శత్రురాజునొద్దకు పోయినది.

స్త్రీలు తామే కలము పట్టినప్పుడు ఏమి జరిగినది? మొల్ల తాను శాస్త్రములు చదివినదానను కానని వినయముగా చెప్పుకొనుచునే రామాయణమును వ్రాసి తెలుగువారి హృదయమున నిలిచినది. తమిళదేశమున మన తెలుగు వెలసిన తంజావూరున, రఘునాథనాయకుని కొలువున రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయమును, విజయరాఘవనాయకుని కొలువున రంగాజమ్మ తెలుగున మన్నారుదాసవిలాసమును రచించిరి. అదే తంజావూరున 18వ శతాబ్దమున, ప్రతాపసింహ మహారాజు కాలమున, ముద్దుపళని రాధికాసాంత్వనమును వ్రాసెను. కృష్ణుని వివాహమును తన చేతులతో జరిపించిన రాధ, తరువాత తాను పడిన వేదనను దాచుకొనలేకపోవుట అందలి వస్తువు. ఓదార్పు పొందు హక్కు నాయికకు గలదని ఆ కావ్యముయొక్క పేరే చెప్పుచున్నది.

ఆ గ్రంథమునకు తరువాత కలిగిన గతియు చెప్పదగినదే. పూర్వముద్రణలో కొన్ని పద్యములు లోపించియుండగా, ప్రసిద్ధ గాయని బెంగుళూరు నాగరత్నమ్మ మాతృకలను సంపాదించి పరిష్కరించి 1910లో వెలువరించెను. శృంగారము మితిమీరినదని పండితులు కొందరు ఆక్షేపించిరి. అట్టి వర్ణనములు పురుషుల కావ్యములలో లేవా, సిగ్గనునది స్త్రీలకు మాత్రమే విధింపబడినదా యని ఆమె తిరిగి అడిగెను. ఆంగ్లప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గ కాలమున, 1947లో, ఆ నిషేధము తొలగెను. శకుంతలవలెనే ఈమెయు నిండుసభలో ఒక ప్రశ్న వేసి, జవాబుకొరకు ముప్పదియేండ్లకు పైగా వేచియుండెను.

తల్లిదండ్రులలో కొందరు ఇట్లు సందేహింపవచ్చును: పిల్లలకు, అందులోను ఆడపిల్లలకు, కోపమును గూర్చి ఇంతగా చెప్పుట మంచిదా? మన కవులే దీనికి సమాధానము చెప్పియున్నారు. వారు ప్రతి కోపమును మెచ్చుకొనలేదు. శకుంతల కోపమును అదిమి మాటలాడెను. ద్రౌపది మూడవ వరమును కాదనెను. కణ్ణగి నిప్పునకు హద్దు గీసెను. కారణము గలిగి, మాటలో స్పష్టత గలిగి, హద్దు గలిగిన కోపము దుర్గుణము కాదు. అది అభిమానముయొక్క రూపము. అట్టిదానిని నోరెత్తకుండ అణచివేసినచో అది ఓర్పు కాజాలదు, భయముగానే మిగులును. ఓర్పునకును భయమునకును బయటి రూపము ఒక్కటే. లోపలి రూపము వేరు. ఈ భేదమును తెలుపుటకే కావ్యపఠనము ఉపకరించును.

ఈ విచారము పుస్తకములకు మాత్రమే చెందినది కాదు. అవ్వైయార్ మాటకు సభలో పీఠము వేసిన ఈ సీమలోనే, ఆడశిశువుల ప్రాణము నిలుపుటకై ప్రభుత్వము ఊయలలు కట్టవలసివచ్చినది. 1992లో తమిళనాడు ప్రభుత్వము సేలం జిల్లాలో ఊయలశిశు పథకమును ప్రారంభించి, తరువాత ధర్మపురికిని విస్తరింపజేసెను. బిడ్డ వలదనుకొన్నవారు చంపక ఆ ఊయలలో విడువవచ్చునని దాని యుద్దేశము. కన్యకు 18 ఏండ్లు నిండక పెండ్లి చేయరాదని 2006లో చట్టము మరల గట్టిగా చెప్పవలసివచ్చినది. నాకు చదువుకొనవలెనని యున్నది, ఇప్పుడే పెండ్లి వలదు అని ఒక బాలిక ఇంటిలో పలికినప్పుడు, ఆమెయు ఒక సభయెదుట నిలిచినట్లే. ఆ సభలో పెద్దలము మనమే. భీష్ముని వలె ధర్మము సూక్ష్మమని తప్పించుకొనుటయో, వికర్ణుని వలె లేచి పలుకుటయో మన చేతిలోని పని.

ఇరుభాషల నడుమ పెరుగు మన విద్యార్థులకు ఒక భాగ్యము కలదు. ఇతరులు ఒక్క శకుంతలను, ఒక్క ద్రౌపదిని చదువుకొందురు. మీరు కణ్ణగిని, అవ్వను గూడ మూలభాషలోనే చదువుకొనగలరు. రెండు వాచకములను ప్రక్కప్రక్కన తెరచి, ఏ కవి ఏ భావమునకు ఏ కారణము చెప్పెనో, ఏ గుర్తులు చూపెనో పోల్చి చూడుడు. బాలురు ముఖ్యముగా ఒక విషయమును గమనింపుడు: ఈ కథలలో పురుషులకు అపకీర్తి వచ్చినది దుర్మార్గమువలన మాత్రమే కాదు, వినవలసినప్పుడు వినకపోవుటవలన గూడ. తల్లిదండ్రులు తమ కుమార్తెలచే ఈ ఘట్టములను బిగ్గరగా చదివించుకొని వినుదురు గాక. ఇంటిలో ఆడపిల్ల ఒక నిజము చెప్పినప్పుడు దానిని నమ్ముటకు ఆకాశవాణి పలుకువరకు మనము వేచియుండ నక్కర లేదు.